స్కాన్‌లో దొరకని నొప్పి: నిమ్హాన్స్ డాక్టర్ సంతోష్ చతుర్వేది పరిశోధనలు మన ఇళ్లకు ఏం చెప్తాయి?

డాక్టర్ సంతోష్ కుమార్ చతుర్వేది బెంగళూరు నిమ్హాన్స్‌లో సైకియాట్రీ ప్రొఫెసర్‌గా, డీన్‌గా పనిచేసిన మానసిక వైద్యులు. ఏళ్ల తరబడి వదలని నొప్పులు, పరీక్షల్లో కారణం దొరకని ఒంటి బాధలు, కేన్సర్ రోగుల మనోవేదన, ఈ మూడింటి మీద ఆయన 1980ల మొదటి నుంచి పరిశోధన చేశారు. మన దేశంలో నొప్పిని మనసుతో కలిపి చూసిన మొదటి తరం సైకియాట్రిస్టుల్లో ఆయన ఒకరు.

ఆయన తెలుగువారు కాదు. అయినా ఆయన పనిచేసిన ఆసుపత్రి రాయలసీమకు కొత్త కాదు. అహోబిలం కొండ కింది పల్లెల్లో ఎవరికైనా నొప్పి పట్టుకుంటే ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది, తర్వాత ఆళ్లగడ్డ, తర్వాత నంద్యాల, కర్నూలు. అక్కడా తేలకపోతే బెంగళూరు. నిమ్హాన్స్ ఓపీలో తెలుగు మాట, దక్ఖనీ ఉర్దూ మాట రోజూ వినిపిస్తాయి. అందుకే ఈ పరిశోధనలు మన కుటుంబాలు తెలుసుకోదగ్గవి.

"ఏమీ లేదు" అన్న రిపోర్టు

మన ఇళ్లలో ఇది చాలామందికి తెలిసిన కథే. అమ్మీకి నడుము నొప్పి, మెడ పీకడం, కాళ్లు లాగడం, అరికాళ్ల మంటలు. "బదన్ టూట్‌రా, జీ ఘబ్రాతా" అంటుంది. ఎక్స్‌రే తీశారు, రక్తం చూశారు, అప్పు చేసి ఎమ్మారై కూడా తీశారు. డాక్టరు సినిమా చూసినట్టు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఏమీ లేదమ్మా, అంతా నార్మల్" అన్నారు.

ఆ మాటతో ఇంట్లో రెండు రకాల ఆలోచనలు మొదలవుతాయి. ఒకటి, ఈ డాక్టరుకు తెలియదు, ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం అని. రెండోది, ఏమీ లేనప్పుడు ఇదంతా నాటకం, పని తప్పించుకోడానికి అని. మొదటి ఆలోచనతో డబ్బు పోతుంది. రెండోదానితో మనిషి మీద నమ్మకం పోతుంది. కోడళ్ల విషయంలో రెండో ఆలోచనే తొందరగా వస్తుంది.

చతుర్వేది, ఆయన తోటి పరిశోధకులు చేసిన పని ఈ రెండు ఆలోచనల మధ్య ఉంది. పరీక్షలో కారణం దొరకని నొప్పి కూడా నిజమైన నొప్పే. కాకపోతే దాన్ని కొలిచే సాధనం ఎమ్మారై కాదు. మనిషిని కూర్చోబెట్టి అడగడమే ఆ సాధనం.

చండీగఢ్‌లో మొదలు

ఈ పరిశోధన చండీగఢ్‌లోని పీజీఐలో మొదలైంది. అక్కడి సైకియాట్రీ విభాగంలో ప్రొఫెసర్ విజయ్ కె. వర్మ, సైకాలజిస్టు మల్హోత్రా, ఇంకొందరు వైద్యులతో కలిసి చతుర్వేది పనిచేశారు. ఎన్ని మందులు వాడినా తగ్గని, శరీరంలో తగిన కారణం కనబడని నొప్పి ఉన్నవాళ్లను వాళ్లు వరసగా పరిశీలించారు. ఆ రోగుల్లో కనిపించే మానసిక లక్షణాల మీద 1983లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం వచ్చింది. మరుసటి ఏడు, 1984లో, "పెయిన్" అనే అంతర్జాతీయ పత్రికలో ఇలాంటి రోగులను ఇతరులతో పోల్చిన అధ్యయనం వచ్చింది. నొప్పి మీద ప్రపంచంలో ఎక్కువగా చదివే పత్రికల్లో అదొకటి.

ఆ రోజుల్లో వాళ్లకు ఎదురైన మొదటి ఇబ్బంది భాష. నొప్పిని, రోగాన్ని మనిషి ఎట్లా తీసుకుంటాడో కొలిచే ప్రశ్నావళులన్నీ ఇంగ్లీషులో, పరాయి దేశాల మనుషుల కోసం రాసినవి. ఇస్సీ పిలోవ్‌స్కీ అనే సైకియాట్రిస్టు 1969లో ఒక కొత్త మాట తెచ్చారు. రోగం ఎంత ఉందో, ఆ మనిషి రోగిగా నడుచుకునే తీరు అంతకు మించి ఉంటే దాన్ని ఏమనాలి అన్నది ఆయన ప్రశ్న. దాన్ని కొలవడానికి ఆయన ఒక ప్రశ్నావళి తయారుచేశారు. వర్మ, మల్హోత్రా, చతుర్వేది దాన్ని తర్జుమా చేసి మన దేశానికి సరిపడేట్టు మార్చి, ఆ వివరాలను 1986లో ప్రచురించారు.

ఇది చిన్న పని అనిపించవచ్చు. కానీ "నీకు డిప్రెషన్ ఉందా?" అని అడిగితే మన నానీ ఏం చెప్తుంది? "రాత్రి నిద్ర పడుతుందా, పొద్దున లేచేసరికి ఒళ్లు బరువుగా ఉంటుందా, ఎవరితోనైనా మాట్లాడాలని ఉంటుందా?" అని అడిగితే కదా ఆమె జవాబు చెప్పేది. ప్రశ్న మన మాటలో ఉంటేనే జవాబు వస్తుంది.

బెంగళూరు ఏళ్లు: 1987 నాటి మూడు ప్రశ్నలు

నిమ్హాన్స్ 1974లో ఏర్పడింది. పాత మైసూరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి దాన్ని తయారుచేశారు. 2012లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. మనసు, మెదడు, నరాలు మూడూ ఒకే ఆవరణలో చూసే ఆసుపత్రి కాబట్టి తలనొప్పి, నడుము నొప్పి, తిమ్మిర్లతో వచ్చేవాళ్లు అక్కడ ఎక్కువ.

1987లో ఒక్క ఏడాదిలోనే చతుర్వేది "పెయిన్" పత్రికలో మూడు వ్యాసాలు ప్రచురించారు. మూడూ మూడు ప్రశ్నలు.

మొదటిది: మానసిక వైద్యుల దగ్గరికి వచ్చేవాళ్లలో దీర్ఘకాలిక నొప్పి ఎంతమందికి ఉంది? అప్పటిదాకా ఎక్కువమంది నొప్పి రోగుల్లో మానసిక సమస్యలు వెతికేవాళ్లు. ఆయన రెండో వైపు నుంచి కూడా చూశారు.

రెండోది: నొప్పి ఉండి డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకు, నొప్పి ఉండి డిప్రెషన్ లేనివాళ్లకు తేడా ఏమిటి? ఈ పోలికలోనే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దీర్ఘకాలిక నొప్పి ఉన్న ప్రతివాళ్లకూ డిప్రెషన్ ఉందనుకోవడం తప్పు. స్కాన్ నార్మల్ వస్తే చాలు "నీది మనసు జబ్బు" అని ముద్ర వేయడం వైద్యం కాదు. అడిగి, చూసి, తేల్చుకోవాలి.

మూడోది: ఈ రోగుల కుటుంబాల్లో నొప్పి, మానసిక సమస్యల చరిత్ర ఎట్లా ఉంది? అంటే నొప్పిని ఒక మనిషి ఒంట్లోనే కాకుండా ఇంట్లో కూడా చూడాలని. ఒక ఇంట్లో పెద్దవాళ్లు నొప్పితో ఎట్లా నడుచుకుంటారో పిల్లలు అది చూస్తూ పెరుగుతారు. ఇంట్లో ఒకరికి తీరని నొప్పి ఉంటే వండేవాళ్లు, సంపాదించేవాళ్లు, నిద్ర మేల్కొనేవాళ్లు మారిపోతారు.

1988లో ఆయన, ఇద్దరు సహచరులు ఆసుపత్రి గోడలు దాటి ఒక కమ్యూనిటీ క్లినిక్‌కు వచ్చేవాళ్ల ఒంటి బాధల మీద వ్యాసం రాశారు. మానసిక సమస్య ఉన్నవాళ్లు కూడా ముందు చెప్పేది తలనొప్పి, నీరసం, ఒళ్లు నొప్పులే. దీనికి వైద్యులు పెట్టిన పేరు సోమటైజేషన్. మనసులో బరువు శరీరం మాటగా బయటికి రావడం అని దాని అర్థం. అందులో అబద్ధం ఉండదు, నటన ఉండదు. చెప్పే మనిషికి తెలిసి చేసేది కాదు.

తర్వాతి కాలంలో ఈ పనిని నిమ్హాన్స్‌లోనే డాక్టర్ గీతా దేశాయ్ వంటి వైద్యులు ఆయనతో కలిసి ముందుకు తీసుకెళ్లారు. మన దేశపు రోగులు చెప్పే ఒంటి బాధలను లెక్కగట్టే కొలమానం ఒకటి కూడా తయారైంది.

ఆడవాళ్లు చెప్పుకోలేని బాధ

1993లో చతుర్వేది, ప్రభా చంద్ర, మోహన్ ఐజాక్, సుదర్శన్ కలిసి తెల్లబట్ట సమస్య మీద ఒక వ్యాసం ప్రచురించారు. మన వైపు ఆడవాళ్లు "తెల్లబట్ట అవుతోంది, అందుకే నడుము లాగుతోంది, ఒంట్లో సత్తువ పోతోంది" అంటారు. ఇన్ఫెక్షన్ ఏమీ లేకపోయినా ఒంట్లోని నీరసానికి, నొప్పులకు అంతటికీ అదే కారణమని నమ్మేవాళ్లను ఈ బృందం పరిశీలించింది. మామూలుగా అయ్యే తెల్లబట్ట మీదికి మనసు బరువు వల్ల వచ్చిన బాధలు కూడా నెట్టేస్తున్నారని వాళ్లు గుర్తించారు.

ఆ తర్వాత గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం దాదాపు 2500 మంది ఆడవాళ్లతో చేసిన సర్వే కూడా ఇదే దారి చూపింది. తెల్లబట్ట గురించి చెప్పేవాళ్లలో ఇన్ఫెక్షన్ కంటే మానసిక ఒత్తిడి, ఇంట్లో కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. అదే సర్వేలో 12 శాతం మంది ఆరు నెలలకు పైగా తీరని అలసట ఉందని చెప్పారు. అది రక్తహీనతతో ముడిపడి కనిపించలేదు. పేదరికంతో, మనోవేదనతో, ఆడవాళ్లకు ఇంట్లో ఉన్న స్థానంతో ముడిపడి కనిపించింది. ఈ ఫలితాలు 2005లో బయటికి వచ్చాయి.

ఇది చదివి తెల్లబట్ట అంటే పట్టించుకోనక్కర లేదనుకోకూడదు. వాసన, దురద, మంట, రక్తం, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే లేడీ డాక్టరుకు చూపించాల్సిందే. ఇన్ఫెక్షన్ లేదని తేలిన తర్వాత కూడా బాధ ఉంటే, యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు మింగించడం కాదు, "ఇంట్లో ఎట్లా ఉంది?" అని అడగడం వైద్యం.

కేన్సర్ వార్డులో నేర్చుకున్నది

నొప్పికి కారణం స్పష్టంగా ఉన్నప్పుడు మనసు సంగతి ఏమిటి? ఈ ప్రశ్న చతుర్వేదిని కేన్సర్ రోగుల దగ్గరికి తీసుకెళ్లింది. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో కేన్సర్ రోగుల మనసు మీద పనిచేసిన సైకియాట్రిస్టు పీటర్ మగ్వైర్‌తో కలిసి ఆయన 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేన్సర్ రోగుల్లో జబ్బుతో నేరుగా లెక్కకు రాని ఒంటి బాధలు కొందరిలో ఎందుకు వదలకుండా ఉంటాయన్నది దాని విషయం. అంటే స్పష్టమైన జబ్బు ఉన్నప్పుడు కూడా మనసు పక్కకు తప్పుకోదు.

అంతకు ముందు 1991లో ఆయన ఇంకో ప్రశ్న వేశారు. భారతీయులకు "బాగా బతకడం" అంటే ఏమిటి? పడమటి దేశాల్లో తయారైన కొలమానాలు మెట్లు ఎక్కగలరా, పని చేసుకోగలరా అని ఎక్కువగా అడుగుతాయి. మన దేశంలో అడిగితే మనశ్శాంతి, ఆధ్యాత్మిక తృప్తి, కుటుంబంతో సంతోషంగా ఉండడం చాలా ముఖ్యమని చెప్పారు. నమాజ్‌కు కూర్చోలేకపోతున్నానని కంటనీరు పెట్టుకునే తాతను చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆయనకు మోకాలి నొప్పి కంటే ఆ లోటే పెద్దది.

లెక్కలు ఏమంటున్నాయి

ఇది మన దేశపు ఆడవాళ్ల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 15 కేంద్రాల్లో మామూలు క్లినిక్‌లకు వచ్చే రోగుల మీద పెద్ద అధ్యయనం చేసింది. బెంగళూరు అందులో ఒక కేంద్రం. ఆ లెక్కల నుంచి వచ్చిన రెండు ఫలితాలు గుర్తుపెట్టుకోదగ్గవి.

మొదటిది 1998లో ప్రచురించారు. 5438 మందిలో 22 శాతం మందికి ఆరు నెలలకు పైగా వదలని నొప్పి ఉంది. ఆ నొప్పి ఉన్నవాళ్లలో ఆందోళన గానీ డిప్రెషన్ గానీ ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ.

రెండోది 1999లో వచ్చింది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 1146 మందిని చూస్తే, 69 శాతం మంది డాక్టరు దగ్గరికి ఒంటి బాధలు మాత్రమే చెప్పుకోడానికి వచ్చారు. కానీ నేరుగా అడిగినప్పుడు మనసు బాధ ఏమీ లేదన్నవాళ్లు 11 శాతమే. అంటే మనుషులు దాచడం లేదు. అడిగితే చెప్తున్నారు. రెండు నిమిషాల్లో చీటీ రాసే ఓపీలో అడిగేవాళ్లే తక్కువ.

నొప్పి ఎట్లా పెరుగుతుంది?

నొప్పి అంటే దెబ్బ తగిలిన చోటి నుంచి మెదడుకు పోయే తీగ అని చాలామంది అనుకుంటారు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ ఊహను మార్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని, నొప్పి కబురు పైకి పోవాలా వద్దా అన్నది అక్కడ తగ్గుతూ పెరుగుతూ ఉంటుందని చెప్పారు. మెదడు నుంచి కిందికి వచ్చే ఆదేశాలు కూడా ఆ గేటును తెరుస్తాయి, మూస్తాయి. భయం, నిద్రలేమి, దిగులు ఉంటే గేటు ఎక్కువ తెరుచుకుంటుంది. ధైర్యం, మంచి నిద్ర, మనసు వేరే పని మీద ఉండడం, ఒంటి కదలిక దాన్ని కొంత మూస్తాయి.

ఇంకో సంగతి. నెలల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థే సున్నితం అవుతుంది. చిన్న తాకిడి కూడా పెద్ద నొప్పిగా అందుతుంది. దెబ్బ మానిపోయినా నొప్పి మిగులుతుంది. షుగర్ వల్ల కాలు తీసేసిన మనిషికి లేని కాలు నొప్పి పెట్టడం విన్నారా? ఆ కాలు లేదు, నొప్పి ఉంది. అది అబద్ధమా? కాదు. నొప్పిని తయారుచేసేది మెదడు కాబట్టి అట్లా జరుగుతుంది.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. మనిషి తనకు నొప్పి ఉందని చెప్తే ఆ మాటను గౌరవించాలని అందులో వివరణగా చేర్చారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో మూడు నెలలు దాటిన నొప్పికి విడిగా స్థానం ఉంది. వేరే జబ్బుకు లక్షణంగా కాకుండా నొప్పే జబ్బుగా ఉండే రకాన్ని కూడా అందులో చేర్చారు. 1980లలో చండీగఢ్, బెంగళూరు వార్డుల్లో పేరు దొరకని నొప్పికి ఇప్పుడు పేరు ఉంది.

"నరాల బలహీనత", పాత కితాబులు

మన వైపు క్లినిక్‌లలో తరచూ వినే మాట "నరాల బలహీనత". దానికి టానిక్కు, బీ కాంప్లెక్స్ సూదులు. చైనాలోనూ సరిగ్గా అదే అర్థం వచ్చే మాట ఉంది. 1982లో ప్రచురించిన అధ్యయనం కోసం అమెరికన్ సైకియాట్రిస్టు ఆర్థర్ క్లైన్‌మన్ అక్కడి హునాన్ రాష్ట్రంలో ఆ పేరుతో చికిత్స పొందుతున్న 100 మందిని పరీక్షించారు. అందులో 87 మందికి డిప్రెషన్ ఉందని తేలింది. మందులతో చాలామందికి లక్షణాలు తగ్గాయి. కానీ ఇంట్లో, పనిలో ఉన్న కష్టాలు తీరనివాళ్లు పూర్తిగా కోలుకోలేదు. మాత్ర ఒక్కటే చాలదని దీని అర్థం.

శరీరాన్ని, మనసును కలిపి చూడాలన్నది ఈ కాలంలో పుట్టిన ఆలోచన కూడా కాదు. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్‌కు చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ 934లో మరణించారు. ఆయన రాసిన "మసాలిహ్ అల్-అబ్దాన్ వల్-అన్ఫుస్" అనే కితాబులో ఒక భాగం శరీర ఆరోగ్యానికి, ఇంకో భాగం మనసు ఆరోగ్యానికి. శరీరం జబ్బు పడితే మనసు కుంగుతుందని, మనసు బాధ శరీరాన్ని పట్టుకుంటుందని ఆయన వెయ్యేళ్ల క్రితమే రాశారు. మనసుకు వైద్యం చేయించుకోవడం ఈమాన్ తక్కువైనందుకు అనుకునేవాళ్లు ఈ చరిత్ర తెలుసుకోవాలి. దువా చేసుకోవచ్చు, డాక్టరు దగ్గరికీ పోవచ్చు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

ముందు ఒంటి కారణాలు చూసుకోవాలి

మనసు వైపు చూడమన్నంత మాత్రాన ఒంటి పరీక్షలు మానుకోమని కాదు. మన ప్రాంతంలో తప్పకుండా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

- అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు: షుగర్, బీ12 చూడాలి.
- ఒళ్లంతా ఎముకల నొప్పి, కూర్చుంటే లేవలేకపోవడం: విటమిన్ డీ లోపం ఉండొచ్చు. ఎండ తగలకుండా ఇంట్లోనే ఉండే ఆడవాళ్లలో ఇది ఎక్కువ.
- కీళ్లు, వెన్ను బిగుసుకుపోవడం: తాగే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్లలో ఫ్లోరోసిస్ గుర్తుపెట్టుకోవాలి.
- పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు వాచి గంటసేపు బిగుసుకోవడం: కీళ్ల వాతం పరీక్ష అవసరం.
- నీరసం, బరువు పెరగడం: థైరాయిడ్ చూడాలి.

నడుము నొప్పితో పాటు మూత్రం, మలం ఆపుకోలేకపోవడం, కాలు సత్తువ పోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, గతంలో కేన్సర్ ఉండడం, ఇవి ఉంటే ఆలస్యం చేయకూడదు. ఛాతీ నొప్పిని "టెన్షన్ వల్లేలే" అని వదిలేయకూడదు.

పని కూడా కారణమే. బేతంచెర్లలో బండలు మోసేవాళ్లు, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్లు, పత్తి చేలల్లో రోజంతా వంగి ఉండేవాళ్లు, కుట్టుమిషన్ తొక్కేవాళ్లు, వీళ్లకు మనసు బాగున్నా నడుము నొప్పి వస్తుంది. ఆ నొప్పి వల్ల కూలి పోయి, అప్పు పెరిగి, ఆ దిగులుతో నొప్పి ఇంకా పెరుగుతుంది. రెండు వైపుల నుంచీ చూడాలన్నది ఇందుకే.

చికిత్స ఎట్లా ఉంటుంది?

సైకియాట్రిస్టు దగ్గరికి పోతే "నిద్రమాత్రలిచ్చి పడేస్తారు" అనే భయం ఉంది. దీర్ఘకాలిక నొప్పికి వాడే మందుల్లో అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ వంటివి ఉన్నాయి. ఇవి డిప్రెషన్ మందులే అయినా నొప్పి కబురు తీసుకెళ్లే నరాల మీద కూడా పనిచేస్తాయి. డిప్రెషన్ లేనివాళ్లకు కూడా నొప్పి కోసం ఇస్తారు. మత్తు అలవాటు చేసే రకం కాదు. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. అందరికీ ఒకేలా పనిచేయవు. గుండె జబ్బు, గ్లాకోమా, గర్భం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు.

మందుతో పాటు మాటల చికిత్స ఉంటుంది. "కదిలితే నడుము విరిగిపోతుంది" వంటి భయాలను కొద్దికొద్దిగా తగ్గిస్తారు. నొప్పి ఉన్నా రోజుకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి పెంచడం, ఒకేరోజు పనంతా చేసి మూడు రోజులు పడుకునే అలవాటు మానడం, నిద్రకు ఒక వేళ పెట్టుకోవడం, ఫిజియోథెరపీ, శ్వాస మీద ధ్యాస పెట్టడం, ఇవన్నీ చికిత్సలో భాగాలే. నొప్పి సున్నా కాకపోవచ్చు. వంట చేసుకోగలగడం, పిల్లల పెళ్లికి పోయి రాగలగడం, రాత్రి నిద్రపోగలగడం, ఇవి తిరిగి వస్తే చికిత్స పనిచేసినట్టే.

మెడికల్ షాపులో రోజూ కొనే నొప్పి గోలీల సంగతి వేరు. డైక్లోఫెనాక్ వంటివి నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం జరగొచ్చు. "కలిపి ఇచ్చే" పొట్లాల్లో స్టెరాయిడ్ ఉంటే మొదట హాయిగా అనిపించి తర్వాత షుగర్, ఎముకలు దెబ్బతింటాయి. పేరు తెలియని గోలీ మింగకండి. చీటీ అడగండి.

డాక్టరుకు ఏం చెప్పాలి? ఇంట్లో ఏం చేయాలి?

పోయే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరిగింది (చావు, అప్పు, కాన్పు, పిల్లల పెళ్లి, గొడవ), నిద్ర ఎట్లా ఉంది, ఆకలి ఎట్లా ఉంది, ఏ పనులు ఆగిపోయాయి, ఏ గోలీలు వాడుతున్నారు. పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకుంటే అవే పరీక్షలు మళ్లీ చేయించే ఖర్చు తప్పుతుంది.

ఆడవాళ్లతో మగవాళ్లు పోతే, జవాబులన్నీ మీరే చెప్పకండి. ఆమెను డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. భర్త, అత్త పక్కనుంటే చెప్పలేని సంగతులు ఉంటాయి. ఇంట్లో "నీకేం లేదు" అనడం మానేయండి. "నొప్పి ఉంది, తెలుసు, తగ్గించుకునే దారి చూద్దాం" అంటే చాలు. "బతకాలని లేదు" అన్న మాట వింటే దాన్ని బెదిరింపుగా తీసుకోకండి. వదలని నొప్పి, నిద్రలేమి, దిగులు మూడూ కలిస్తే ప్రాణానికే ముప్పు. ఆ రోజే సాయం అడగండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకు కేంద్రంగా ఉన్నది నిమ్హాన్సే. ఆడపిల్ల రిష్తా చెడిపోతుందని భయపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలను ఆసుపత్రి గోప్యంగా ఉంచాలి.

సైకియాట్రిస్టుకు చూపించమని డాక్టరు రాసిస్తే మీ మాట నమ్మలేదని అనుకోకండి. నొప్పిని రెండో వైపు నుంచి కూడా చూడమని రాసినట్టు. ఎమ్మారై మళ్లీ తీయించే ముందు ఆ చీటీతో ఒకసారి పోయి రండి. ఖర్చు తక్కువ, ఫలితం దొరికే అవకాశం ఎక్కువ.